అమ్మేవాళ్ల ఆనవాళ్లు

నోయిడాలో ఇల్లు కొనాలనుకున్నవాడు ఊరంతా చెప్పుకుంటాడు. అమ్మాలనుకున్నవాడు పక్క ఫ్లాటువాడికి కూడా చెప్పడు. చెబితే ఎందుకని అడుగుతారు. అప్పులయ్యాయా, ఉద్యోగం పోయిందా, మొగుడూ పెళ్లాలకు పడటం లేదా అని లిఫ్టు కిందికి దిగేలోపే కథ అల్లేస్తారు. ఆ కథ కొనేవాడి చెవిన పడితే ధర తెగ్గోస్తాడు. అందుకని ఇల్లు బేరానికి పెట్టినవాడు పెట్టనట్టే తిరుగుతాడు. సాయంత్రం పార్కులో నడుస్తాడు, సొసైటీ మీటింగుకు వచ్చి నీళ్ల ట్యాంకు గురించి పోట్లాడతాడు, దీపావళికి బాల్కనీ నిండా లైట్లు కడతాడు. అలాంటివాడు నోరు విప్పకముందే అతణ్ని కనిపెట్టడం సీతారత్నం ఉద్యోగం.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఇస్త్రీ కాటన్ చీర, భుజాన తోలు సంచీ, కాళ్లకు నడక బూట్లు. ఎవరేం చెప్పినా "ఆహా, అలాగా అండీ" అంటూ చివరిదాకా వింటుంది. ఒక్క ముక్క నమ్మదు.

సొంత ఊరు పాలకొల్లు. భర్త భీమేశ్వరరావుకు ఓఖ్లాలో ఒక మందుల గోడౌన్‌లో సరుకు చూసుకునే పని దొరికితే పెళ్లయిన కొత్తలో ఢిల్లీ వచ్చింది. కాపురం మునిర్కాలో. పై గదిలో, కింది గదిలో, ఎదురు సందులో అంతా చదువుకునే పిల్లలు. ఆడపిల్లను చేర్పించడానికి ఊరినుంచి వచ్చిన తండ్రి హిందీ రాక, ఇంటివాడి వాలకం నచ్చక సందు మొదట్లో నిలబడి దిక్కులు చూస్తుంటే ఈమె గొంతులో తెలుగు వినబడేది. ఇక వదిలేవాడు కాదు. మొదట మొహమాటానికి గదులు చూపించింది. కటవారియా సరాయ్‌లో సివిల్స్‌కు చదివే కుర్రాళ్లకు గదులు చూపించే నాటికి ఆమె సంచీలో విజిటింగ్ కార్డులు ఉన్నాయి.

అద్దెల పనిలో మెట్లెక్కే బాధ తప్ప వెతుక్కునే బాధ లేదు. గది కావలసినవాడు పెట్టె పట్టుకుని తనే ఎదురొస్తాడు. మెట్రో నోయిడా లోపలికి సాగాక ఆమె కూడా అటు మారి, తనేజా అనే ఆయన ప్రాపర్టీ ఆఫీసులో చేరింది. అమ్మకాల సంగతి అక్కడ తెలిసింది. కొనేవాళ్లు కుప్పలు. అమ్మేవాళ్లే దొరకరు. అమ్మేవాడు ఎవరి చేతిలో ఉంటే మిగతా బ్రోకర్లంతా తమ కొనేవాళ్లను వెంటబెట్టుకుని వాళ్ల గుమ్మంలోకి రావాలి.

అప్పటినుంచి ఆమెకు ఇళ్లను అనుమానంగా చూడటం అలవాటైంది. నాలుగేళ్లుగా చెమ్మ కారుతున్న గోడను ఎవరైనా ఉన్నట్టుండి బాగుచేయిస్తే అది తమకోసం కాదు, చూడటానికి వచ్చేవాళ్లకోసం. ఒక్క ఫ్లాటుకే తెల్ల సున్నం పడితే అనుమానించాలి. స్కూల్లో టీసీ అడిగితే అనుమానించాలి. సామాన్లు తరలించే కంపెనీ మనిషి టేపు పట్టుకుని ఏ అంతస్తులో దిగాడో గేటు దగ్గర గార్డును అడగాలి. ఇవన్నీ ప్రతి బ్రోకరుకూ తెలిసిన ఆనవాళ్లే. అయితే సీతారత్నానికి ఇంకొకటి తెలుసు. అది ఇక్కడి పంజాబీ బ్రోకర్లకు తట్టేది కాదు.

ఇక్కడి తెలుగువాళ్లు బాస్మతి అన్నంలో పప్పు కలుపుకుని తినలేరు. సోనామసూరి బస్తా తెప్పించుకుంటారు. ఇరవై ఆరు కిలోల బస్తా, వంటింటి మూల నిలబడేది. ఊరు వదలబోయేవాళ్లు ఆ బస్తా కొనరు. మోసుకుపోలేరు, పారేసిపోలేరు. వెళ్లే ముందు అయిదు కిలోల సంచులకు దిగుతారు. బ్రోకరుకు చెప్పకముందు, పక్కింటికి చెప్పకముందు, ఒక్కోసారి పిల్లలకు చెప్పకముందే బస్తా మానేస్తారు. ఈ గుర్తు పట్టుకుని వెళ్లి ఆమె మూడు నాలుగు ఇళ్ల తాళాలు సంపాదించింది.

ఆ గుర్తు అందించేది గోవిందరాజులు. పీలేరు మనిషి. సెక్టార్ మార్కెట్లో ఆంధ్రా సరుకుల కొట్టు. కొత్తగా దిగిన తెలుగు కుటుంబాల ఫోన్ నంబర్లు సీతారత్నం ఆయనకు ఇస్తుంది, బస్తాలు మానేసినవాళ్ల పేర్లు ఆయన ఈమెకు చెబుతాడు. ఇద్దరి మధ్యా ఇదే ఒప్పందం.

"అమల్తాస్‌లో పదకొండో అంతస్తు వైశాలి లేదా, ఆయమ్మ ఈసారి బస్తా వద్దనింది" అన్నాడు గోవిందరాజులు ఒకరోజు, వడియాల ప్యాకెట్లు గూట్లో సర్దుతూ.

"మరి?"

"అయిదు కిలోలు చాలంట. పోయిన నెల కూడా అంతే తీసుకునింది. చెప్పేది మర్చిపోయినా."

"మర్చిపోయారా, ఇంకెవరికైనా చెప్పాక నాకు చెబుతున్నారా?"

"ఏందమ్మా నువ్వు. నా కొట్లో నిలబడి నన్నే అనుమానిస్తాండావే."

"భాటియా మీ దగ్గర ఫిల్టర్ కాఫీ పొడి ఎందుకు కొంటున్నాడండీ?"

"వాళ్ల కోడలు బెంగళూరు పిల్ల."

"వాళ్లబ్బాయికి పెళ్లెప్పుడైందండీ?"

గోవిందరాజులు వడియాల మీద దుమ్ము లేకపోయినా గుడ్డతో తుడిచాడు. భాటియా అదే మార్కెట్లో రెండో బ్రోకరు.

సీతారత్నం ఆ పూట అంత కరుకుగా మాట్లాడటానికి కారణం ఉంది. తనేజా ఆ మధ్యే తన చెల్లెలి కొడుకు రాఘవ్‌ను ఆఫీసుకు తెచ్చాడు. పాతికేళ్లవాడు. జెల్ రాసిన జుట్టు, చెవిలో ఎప్పుడూ ఒక వైరులేని ముక్క. అమల్తాస్ టవర్స్ ఆ చుట్టుపక్కల గిరాకీ ఉన్న సొసైటీ. దాన్ని ఒకరి చేతికే అప్పజెప్పాలని తనేజా తేల్చాడు.

"రత్నాజీ, సీదీ బాత్ హై" అన్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి, సూటిగా చెబుతున్నా అన్నట్టు. అమల్తాస్‌లో ఎవరు ముందు ఎక్స్‌క్లూజివ్ తెస్తే సొసైటీ వాళ్లది. రెండోవాళ్లు అద్దెల బల్ల చూసుకోవాలి. ఎక్స్‌క్లూజివ్ అంటే మూడు నెలలపాటు ఇంకే బ్రోకరుకూ ఇవ్వనని ఇంటివాళ్లు సంతకం చేసే కాగితం.

"మరి నేను తెచ్చిన పాత పార్టీలు?" అని అడిగింది హిందీలో.

"వో తో పురానీ బాత్ హై" అన్నాడు తనేజా, జరిగిపోయిన ముచ్చట అన్నట్టు.

అద్దెల బల్ల అంటే మళ్లీ మునిర్కా రోజులు. లిఫ్టు లేని ఇళ్లకు తాళం గుత్తితో నాలుగేసి అంతస్తులు ఎక్కడం, గీజర్ పనిచేయడం లేదని ఆదివారం పూట వచ్చే ఫోన్లు. మోకాలి చిప్ప అరిగిందని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వలేదు. అద్దెల బల్లకు పోతే తెలుస్తుంది, ఆ తరవాత ఆ బల్ల కూడా ఉండదు. పదకొండో అంతస్తు సంతకం ఆమెకు కావాలి.

దీపావళి వెళ్లింది. ఆకాశం బూడిదరంగులో పైకప్పుల మీదికి దిగింది. ఈ రోజుల్లోనే తెలుగు ఇళ్లలో హైదరాబాద్ మాట పుడుతుంది. పిల్లలు దగ్గుతారు, గాలి శుభ్రం చేసే మిషన్ పక్కన కూర్చుని తల్లి "మనం ఇక్కడెందుకున్నాం" అంటుంది, తండ్రి లాప్‌టాప్‌లో గచ్చిబౌలి అద్దెలు చూస్తాడు. అడగడానికి ఇదే సమయమని సీతారత్నం అమల్తాస్‌కు బయలుదేరింది. గేటు బయట భాటియా తెల్ల కారు ఆగి ఉంది. కారులో మనిషి లేడు. అది చూసి మోకాలు మర్చిపోయి చకచకా నడిచింది.

తలుపు వైశాలే తీసింది. గుంటూరు అమ్మాయి, ముప్ఫై అయిదు దాటవు. ఒక కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. భర్త పృథ్వీరాజ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో.

"రండి ఆంటీ. మెడలో ఈ హెడ్‌ఫోన్ చూసి భయపడకండి, మీటింగ్ అయిపోయింది."

"వనభోజనాలమ్మా, వచ్చే ఆదివారం. చెబుదామని వచ్చాను. పార్కులో ఉసిరి చెట్టు లేదని ఈసారి కుండీలో మొక్కని కారులో తీసుకొస్తున్నారంట."

"కుండీ చుట్టూ కూర్చుని తినాలా?"

"దేవుడు సర్దుకుంటాడులే."

వైశాలి నవ్వింది. లోపల బాత్రూంలో ఎవరో సుత్తితో టైల్స్ ఊడగొడుతున్నారు. సీతారత్నం చెవి అటే ఉంది.

"పని పెట్టుకున్నారేంటమ్మా?"

"గోడంతా చెమ్మ ఆంటీ. ఇల్లు కొన్నప్పటినుంచీ చెబుతుంటే ఇన్నాళ్లకు కదిలారు ఈయన."

హాలు గోడమీద ఫోటో ఉండాల్సిన చోట నలుచదరంగా తెల్లటి మచ్చ ఉంది. నీళ్ల వంకతో వంటింట్లోకి వెళితే, బస్తా ఉండే మూల ఖాళీ. గట్టుమీద చిన్న బియ్యం సంచి, దాని మూతికి బట్టలకు పెట్టే క్లిప్పు. ఇంక అనుమానం లేదనుకుంది.

"అమ్మా వైశాలీ" అంది సోఫా అంచున కూర్చుని, గొంతు తగ్గించి. "నేను బయటిదాన్ని కాదు. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే ముందు నా చెవిన వెయ్యి. నలుగురికీ తెలిసేలోపు మంచి పార్టీని తెస్తాను."

వైశాలి మెడలోని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

"ఎవరు చెప్పారు ఆంటీ?"

"ఎవరో ఎందుకులేమ్మా."

"కాదు, ఎవరు చెప్పారు? ఈయన మీతో మాట్లాడారా?"

"లేదమ్మా, ఒట్టు."

"మేమేమీ అమ్మట్లేదు. ఇక్కడ పిల్లాడి స్కూలు, నా పని..." అని ఆగింది. తరవాత మాట సీతారత్నంతో అనలేదు, తనలో తను అనుకుంది. "పోయిన నెల రెండుసార్లు వెళ్లారు హైదరాబాద్. ఆఫీసు పనే అన్నారు."

మెట్రోలో తిరిగి వస్తూ సీతారత్నం ఆ మాటలు మళ్లీ మళ్లీ నెమరేసుకుంది. ఇన్నేళ్లలో ఆమె కట్టుకున్న సూత్రం ఒకటుంది. అమ్మనివాళ్లను అడిగితే "మేమెందుకు అమ్ముతాం" అని విసుక్కుంటారు. అమ్మేవాళ్లయితే "ఎవరు చెప్పారు" అంటారు. వైశాలి రెండోమాటే అంది, అదీ రెండుసార్లు. అయితే ఆమెకు ఇంకా పూర్తిగా తెలియదు. మొగుడు గుట్టుగా కానిస్తున్నాడు. మొగుడు ఎవరితో కానిస్తున్నాడు? గేటు బయట కారు ఊరికే ఆగదు.

ఇలాంటప్పుడు బ్రోకర్లు చేసే పని ఒకటుంది. వాట్సాప్‌లో వాళ్లకో పెద్ద గ్రూపు ఉంటుంది. సంతకం ఇంకా చేతికి రాకపోయినా "ఫలానా చోట ఫ్లాటు వస్తోంది, నా దగ్గర" అని అందులో ముందుగా వేసేస్తారు. బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. ఆ తరవాత ఇంకొకడు దాని జోలికి వెళితే గ్రూపులో వాడి పరువు పోతుంది. ఫ్లాటు నంబరు రాయరు, రాస్తే నేరుగా వెళ్లిపోతారు.

సీతారత్నం నంబరు రాయలేదు. అమల్తాస్, ఎ టవర్, పై అంతస్తు, తూర్పు ముఖం, మూడు పడగ్గదులు, త్వరలో అని రాసింది. పంపబోయి ఆగి ఇంకో రెండు మాటలు చేర్చింది: తెలుగు కుటుంబం. అది ఆమె ప్రతి ప్రకటనలోనూ వేసే ఉప్పు. దక్షిణాదివాళ్లు ఇల్లు కడిగినట్టు ఉంచుతారని, గోడలకు మేకులు కొట్టరని, కుక్కను పెంచరని ఇక్కడి కొనేవాళ్ల నమ్మకం. ఆ రెండు మాటలు పడితే ఫోన్లు ఎక్కువ వస్తాయి. ఎ టవర్ పై అంతస్తుల్లో తెలుగు కుటుంబం ఒకటే ఉందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఆ సమయానికి తట్టలేదు. భాటియా కంటే ముందు పడాలన్న తొందరే తట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"సీతారత్నంగారేనా అండీ? పృథ్వీరాజ్‌ని. అమల్తాస్."

"చెప్పండి బాబూ."

"పొద్దుటినుంచి బ్రోకర్లు వరసపెట్టి చేస్తున్నారు. నేను క్లయింట్ కాల్‌లో ఉంటే ఒకాయన వీడియో కాల్ చేశాడు. మా ఇల్లు అమ్మకానికుందని మీకెవరు చెప్పారు?"

"మీ పేరు రాయలేదండీ నేను. నంబరు కూడా రాయలేదు."

"ఎ టవర్‌లో పైన తెలుగువాళ్లం మేమొక్కళ్లమే కదండీ. కింద గార్డ్ 'సాబ్, కబ్ జా రహే హో' అంటున్నాడు, ఎప్పుడెళ్లిపోతున్నారని. ఏం చెప్పమంటారు వాడికి?"

"పోనీ ఎవరికిచ్చారో అదైనా చెప్పండి. భాటియాకేనా?"

"ఎవరికీ ఇవ్వలేదు. నేను ఇల్లు అమ్మట్లేదు. మీరు మా ఆవిడతో ఏం చెప్పారో గానీ నిన్నటినుంచి నా ఫోను కూడా వెతుకుతోంది. ఆ మెసేజ్ తీసేయండి, దండం పెడతాను."

తీసేసింది. అప్పటికే దాన్ని కాపీ చేసుకుని ఇంకెన్ని గ్రూపుల్లో వేశారో ఎవరికీ తెలియదు. తీసేశాక కూడా అతని మాట ఆమె నమ్మలేదు. ధర పెంచడానికి బెట్టు చేస్తున్నాడనుకుంది. రెండు రోజులు ఆగి, రాఘవ్ బల్లమీద కాగితాలు సర్దుతున్నట్టు నటించి అతను అమల్తాస్‌కు ఏమైనా వెళ్లాడేమో చూసింది. రాఘవ్ బల్లమీద క్రికెట్ టికెట్లు తప్ప ఏమీ లేవు.

నిజం ఆమెకు గోవిందరాజులు కొట్లోనే తెలిసింది. ఓ శనివారం వెళ్లేసరికి వైశాలి కౌంటరు దగ్గర ఉంది. సంచీలో కొర్రలు, సామలు, రాగిపిండి.

"అన్నం బొత్తిగా మానేసినారమ్మా మీరు" అంటున్నాడు గోవిందరాజులు.

"ఆయనకి షుగర్ వచ్చిందండీ. నేను, బాబు తింటున్నామంతే. ఆయన ఎదురుగా తింటుంటే నాకే ఎలాగో ఉంటుందని రాత్రిపూట మేమూ మానేశాం."

సీతారత్నాన్ని చూసి వైశాలి మాట ఆపేసింది. పలకరించలేదు. బిల్లు కట్టి వెళ్లిపోయింది.

"షుగరంటమ్మా" అన్నాడు గోవిందరాజులు, తప్పు తనది కాదన్నట్టు.

"ఎప్పటినుంచంట?"

"శ్రావణం నుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"బస్తా సంగతి అడిగినావు, చెప్పినా. రోగం సంగతి నువ్వడగలేదు, ఆయమ్మ నాకు ఇయ్యాళ్టిదాకా చెప్పలేదు."

సీతారత్నం వీధిలోకి వచ్చి నిలబడింది. షుగరా, సాకా అని ఒక ఆలోచన వచ్చింది. అయితే కొర్రలు కళ్లారా చూసింది. సాకు కోసం ఎవరూ అన్ని కొర్రలు కొనరు. చెమ్మ నిజంగానే చెమ్మ. ఫోటో అద్దం పగిలి ఉంటుంది. హైదరాబాద్ ఆఫీసు పనే అయి ఉంటుంది. అలా ఒక్కొక్క ఆనవాలూ జారిపోయాక మిగిలింది తను వేసిన మెసేజ్ ఒక్కటే.

అది చేసిన పని ఆమెకు చలికాలం చివర్లో తెలిసింది. పృథ్వీరాజ్ పై అధికారి అదే సొసైటీ బి టవర్‌లో ఉంటాడు. ఏ గ్రూపులో చూశాడో, లేక పార్కులో విన్నాడో, పృథ్వీరాజ్ ఇల్లమ్ముకుని హైదరాబాద్ పోతున్నాడని అతనికి రూఢి అయింది. అడగలేదు. అడిగితే కాదంటాడని అతనికీ తెలుసు, కంపెనీ మారేవాళ్లు ఎవరు అవునంటారు. కొత్త ప్రాజెక్టుకు పెద్దగా పృథ్వీరాజ్‌ను పెట్టాలన్న మాట ఉండేది. ఇంకొకరిని పెట్టారు. ఉన్న ప్రాజెక్టు ముగిసింది. పని లేకుండా కూర్చున్నవాళ్లను తీసేయాలని పైనుంచి వచ్చినప్పుడు, ఎలాగూ వెళ్లిపోయేవాడే కదా అని అతని పేరు ముందు రాశారు. ఇదంతా గోవిందరాజులు చెప్పాడు. ఆయనకు చెప్పింది పృథ్వీరాజ్ ఆఫీసులోనే పనిచేసే ఇంకో తెలుగు కుర్రాడు. నెలకింత ఈఎంఐ కట్టే ఇంట్లో ఒక జీతం ఆగితే ఏమవుతుందో సీతారత్నానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

హోలీ రంగులు ఇంకా గోడలమీద ఉండగానే ఆఫీసుకు ఫోన్ వచ్చింది. సీతారత్నం సెల్లుకు కాదు, ఆఫీసు నంబరుకు. వైశాలి చేసింది. అమల్తాస్ ఫ్లాటు అమ్ముతాం, ఎక్స్‌క్లూజివ్ ఇస్తాం, మనిషిని పంపండి అంది. తనేజా రిసీవరు పెట్టి ఇద్దరి వంకా చూశాడు.

"రత్నాజీ, ఆప్‌కీ పార్టీ హై. ఫిర్ భీ రాఘవ్ సాథ్ జాయేగా" అన్నాడు. మీ పార్టీయే, అయినా వీడు వెంట వస్తాడని.

వీడెందుకు అని ఆమె అడగలేదు. దారంతా రాఘవ్ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ వచ్చాడు. సంతకం ఎవరికిచ్చినా సొసైటీ తనకే రాసిపెట్టి ఉందని వీడికి ముందే తెలుసేమో అని ఆమె అతని ముఖం చూసింది. ఆ ముఖంలో అంత ఆలోచన కనబడలేదు.

పదకొండో అంతస్తులో ఈసారి ఇద్దరూ ఉన్నారు. పృథ్వీరాజ్ చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. వైశాలి కాగితం తీసుకుని చదవకుండా బల్లమీద పెట్టింది.

"ఆంటీ, సంతకం చేస్తాను. ముందు ఒకటి చెప్పండి. అప్పుడు మీకెవరు చెప్పారు?"

"వైశాలీ, వదిలెయ్" అన్నాడు పృథ్వీరాజ్.

"మీరుండండి. ఆంటీ, ఈయన మీకు చెప్పారా లేదా? నాకు తెలియకుండా అప్పుడే బేరం పెట్టారా? నిజం చెబితే ఈ ఇల్లు మీ చేతికే ఇస్తాను. ఆ నిజం ఏదైనా సరే."

అవునంటే సంతకం చేతికొస్తుంది. ఆ జవాబు కోసమే వైశాలి అడుగుతోందని సీతారత్నానికి ఆమె గొంతులోనే తెలిసింది. పృథ్వీరాజ్ తల వంచుకుని గోరు గిల్లుకుంటున్నాడు. తను బేరం పెట్టలేదని భార్యతో ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో.

"ఆయన చెప్పలేదమ్మా" అంది. "ఎవరూ చెప్పలేదు. మీరు బియ్యం బస్తా మానేశారని తెలిసింది. అయిదు కిలోలు తెస్తున్నారని. ఊరు వదిలేవాళ్లు అలా చేస్తారు. చెమ్మ పని చూశాను, గోడమీద ఫోటో లేదు. అమ్ముతున్నారనుకున్నాను. అంతేనమ్మా. నాదే పొరపాటు."

"బియ్యం సంచి చూసి ఇల్లు అమ్ముతున్నామనుకున్నారా?"

"అవునమ్మా."

"ఈ కథ మీరూ ఈయనా కలిసి ఎప్పుడు అనుకున్నారు, ఫోన్లోనా?"

"అయ్యో, లేదమ్మా..."

"ఇంకాస్త మంచి అబద్ధం చెప్పాల్సింది ఆంటీ. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నారంటారు."

ఆ తరవాత వైశాలి తెలుగు మాట్లాడలేదు. కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని రాఘవ్ వైపు తిరిగింది.

"భయ్యా, పేపర్ ఆప్‌కే నామ్ పే బనాయియే." కాగితం నీ పేరుమీదే రాయి. ఆ తరవాత హిందీలోనే చెప్పింది, మా సంగతులు ఏమీ తెలియని మనిషి కావాలి, చూడటానికి వచ్చేవాళ్లను నువ్వే తీసుకురా, ఇంకెవరూ వద్దు. రాఘవ్ ఆమెనూ సీతారత్నాన్నీ మార్చి మార్చి చూశాడు. చెవిలో ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. పేరున్న చోట సీతారత్నం పేరు కొట్టేసి తన పేరు రాయడానికి ఆమెనే పెన్ను అడిగాడు. ఆమె సంచీలోంచి తీసి ఇచ్చింది.

వైశాలి సంతకం చేసింది, పృథ్వీరాజ్ చేశాడు.

"ఆంటీజీ, చాయ్ లేంగీ ఆప్?" అని అడిగింది వైశాలి, పరాయివాళ్లను అడిగే గౌరవంతో.

"నహీ బేటా. ఠీక్ హై" అంది సీతారత్నం.

లిఫ్టుదాకా పృథ్వీరాజ్ వచ్చాడు. రాఘవ్ బాల్కనీ ఫోటోలు తీయడానికి లోపలే ఉండిపోయాడు.

"ఆ బస్తా మాట నిజమేనాండీ?" అని అడిగాడు మెల్లగా.

"నిజమేనండి."

"నాకు తెలుసు నిజమేనని. ఇంత విడ్డూరంగా ఎవరూ కల్పించలేరు. ఇంకోసారి వచ్చి తనతో చెబుతారా? నేను లేనప్పుడు. అప్పుడైనా నమ్ముతుందేమో."

"చెబుతానండి." ఆమె లిఫ్టు బటన్ నొక్కింది. అక్కడితో ఊరుకోవలసింది. నోరు ఊరుకోలేదు. "బాబూ, అడిగానని ఏమీ అనుకోకండి. అప్పుడు గేటు దగ్గర భాటియా కారు ఉంది. ఆయన మీకోసం రాలేదు కదా?"

పృథ్వీరాజ్ ఆమె వంక చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో.

"మీరు కూడానా ఆంటీ" అని, వెనక్కి తిరిగి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

లిఫ్టు వచ్చింది. అందులో సామాన్ల కంపెనీ చొక్కా వేసుకున్న మనిషి టేపు పట్టుకుని ఉన్నాడు. ఏ అంతస్తు నుంచి దిగుతున్నాడో ఆమె అడగలేదు. అమల్తాస్ ఇప్పుడు ఆమెది కాదు.